డింగెనా కోసిన రొట్టె

మా అక్క డింగెనా ఇరవై ఆరేళ్ళపాటు ప్రభువు బల్లకు రొట్టె కోసింది. ఏడాదికి నాలుగుసార్లు, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారాలకు. అందులోంచి ఒక్క ముక్క కూడా తను నోట పెట్టుకోలేదు. పోయేలోపల ఒక్కసారైనా తింటుందా తినదా అన్నదే ఆమె చివరి నెలలో మా ఇంట్లో మిగిలిన సంగతి. మందుల గురించి కూడా అంతగా మాట్లాడుకోలేదు మేం.

మాది హాలెండ్‌లో, జేలాండ్ దీవుల్లో ఒకటి. ఊరు క్రాబ్బెన్‌హుక్. సముద్రపు కట్టకు లోపలివైపు ఇళ్ళు, మధ్యలో చర్చి. ఆదివారం నాలుగువందల మంది నిండుగా కూర్చుంటారు. బల్ల ఇచ్చే ఆదివారం కూడా నాలుగువందల మందీ వస్తారు. కానీ లేచి వెళ్ళి, తెల్లగుడ్డ పరిచిన ఆ పొడుగాటి బల్ల చుట్టూ కూర్చునేది పదిమందో పదకొండుమందో. మిగతావాళ్ళం బెంచీల్లోనే ఉండి చూస్తాం. పట్నం వాళ్ళకు చెబితే నమ్మరు. రొట్టె ఉచితం, ద్రాక్షరసం ఉచితం, పిలుపు అందరికీ. అయినా లేవలేం. దేవుడు నిన్ను, ప్రత్యేకంగా నిన్ను, పిలిచాడన్న గుర్తు ఒకటి ఉండాలి. ఏదో ఒక వాక్యం ఏదో ఒక రోజు గుండెలో పడి ఉండాలి. ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నది అడిగినవాళ్ళకు చెప్పగలగాలి. అది లేకుండా తిన్నవాడు తన మీదికి తీర్పు తిన్నట్టే అని పాలు తాగే వయసు నుంచీ వింటూ పెరిగాం. ఉచితం అన్న మాట మా ఊళ్ళో ఎంత భయపెట్టే మాటో బయటివాళ్ళకు తెలియదు. వెల ఉన్న వస్తువైతే కష్టపడి కొనుక్కోవచ్చు. ఉచితమైనదాన్ని ఎదురుచూడటం తప్ప ఏం చెయ్యలేం.

చర్చి ఊడ్చి, గంట కొట్టి, తాళాలు పెట్టుకునే పని మా నాన్నది. ఆయన పోయాక పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో అది అక్కకు వచ్చింది. బల్లకు ముందురోజు శనివారం రొట్టెలవాడు రెండు పొడుగాటి తెల్లరొట్టెలు ఇచ్చి వెళ్ళేవాడు. అక్క వాటి పైచెక్కు చుట్టూ తీసేసి, లోపలి మెత్తటి భాగాన్ని వేలెడు మందాన పొడుగ్గా కోసి, తడిగుడ్డలో చుట్టి పెట్టేది. ఆ చెక్కులు మావి. వేడిపాలల్లో నానేసి చక్కెర చల్లి, శనివారం రాత్రి భోజనానికి ఇద్దరం తినేవాళ్ళం. చెక్కు తిన్నవాళ్ళం, లోపలిది ముట్టనివాళ్ళం.

నేనూ బల్లకు వెళ్ళలేదు. ఊరి బళ్ళో పంతుల్ని. పెళ్ళి చేసుకోలేదు. అక్కా చేసుకోలేదు. ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు.

ఇప్పుడు వరద సంగతి చెప్పాలి. అది చెప్పకుండా అక్క గురించి చెప్పడం కుదరదు.

యాభైమూడు ఫిబ్రవరి ఒకటో తేదీ, ఆదివారం. అక్కకు పద్దెనిమిది, నాకు అయిదు, మా తమ్ముడు క్రెయిన్‌కు నాలుగు నిండలేదు. వాణ్ణి కని అమ్మ పోయింది. అప్పట్నుంచీ మా ఇద్దరికీ అమ్మ అక్కే. తెల్లవారకముందే కట్ట తెగింది. గంట కొట్టడానికి పరుగెత్తిన నాన్న చర్చిలోనే చిక్కుకుపోయాడు. మేం ముగ్గురం అటక మీద. తెల్లారింది, నీళ్ళు కొంచెం తీశాయి, బతికిపోయాం అనుకున్నాం. మధ్యాహ్నం దాటాక రెండో పోటు వచ్చింది. అది మొదటిదానికన్నా పెద్దది. గోడలు కూలాయి. ఇంటికప్పు మమ్మల్ని మోసుకుంటూ పొలాల మీదుగా తేలింది.

ఊరికి తెలిసిన కథేమిటంటే, అల వచ్చి క్రెయిన్‌ను లాక్కుపోయింది, డింగెనా లేన్‌ను కాపాడింది. లేన్ అంటే నేను. అది అబద్ధం కాదు. కానీ నేను చూసింది ఇంకొంచెం ఉంది. క్రెయిన్ అక్క ఎడమచేతిలో ఉన్నాడు, గట్టిగా ఉన్నాడు, ఏడవడం కూడా మానేశాడు. నేను కుడివైపున ఆమె గౌను పట్టుకుని ఉన్నాను. కప్పు ఒక్కసారిగా ఒరిగింది. నేను నడుము దాకా నీళ్ళలోకి జారాను. అక్క నా వైపు తిరిగి నన్ను రెండు చేతులతో పట్టుకుంది. రెండు చేతులతో. నన్ను పైకి లాగి తిరిగి చూసేసరికి అటువైపు ఎవరూ లేరు.

మర్నాడు ఇజాక్ అనే కుర్రాడి ఆల్చిప్పల పడవ మమ్మల్ని ఎక్కించుకుంది. పడవలో అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను చూశానని ఆమెకు తెలియదు. నాకు తెలుసని చెబితే, నువ్వు ఎంచుకున్నావు అని చెప్పినట్టవుతుంది. ఎంచుకున్నది నన్ను.

ఆ సంవత్సరం క్రిస్మస్‌కు ఆదివారపు బడి పండుగ, కూలిన బడి బదులు గడ్డి దాచే ఒక కొట్టంలో పెట్టారు. మాకు చెట్లూ దీపాలూ లేవు, ఉన్నదల్లా ఒకటే. ప్రతి పిల్లవాడికీ ఒక కమలాపండు, ఒక పుస్తకం. చదివినవాడికీ చదవనివాడికీ, అల్లరివాడికీ నెమ్మదస్తుడికీ ఒకేలా. పేర్లు పిలుస్తారు, వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ ఏడాది జాబితా వరదకు ముందు రాసినది. కొత్త జాబితా రాయాలని ఎవరికీ తోచలేదు. పంతులమ్మ చదువుకుంటూ పోయి, నా పేరు తర్వాత ‘క్రెయిన్’ అని చదివేసింది. ఆమె కాగితం చేతిలో పట్టుకుని నిలబడిపోయింది, పాపం. వెనక పెద్దవాళ్ళ వరసలోంచి అక్క లేచింది. చెక్కబూట్లు టకటకలాడిస్తూ ముందుకు నడిచి, కమలాపండూ పుస్తకమూ తీసుకుని, నా పక్కకు వచ్చి కూర్చుంది.

“ఇది వాడిది. నువ్వు తిను,” అంది.

“నాదొకటుంది కదక్కా.”

“ఇది కూడా తిను. ఇప్పుడే. నా ముందర.”

తిన్నాను. ఆఖరి తొన మింగేదాకా నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. అయిదేళ్ళవాడికి రెండు కమలాపళ్ళు మహాభాగ్యం. తియ్యగా ఉందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు పోలేదు.

అదే నెలలో మాకు ఇల్లు కూడా వచ్చింది. నార్వేవాళ్ళు పంపిన చెక్క ఇల్లు. ముక్కలు ముక్కలుగా ఓడలో వచ్చింది, వారంలో నిలబెట్టేశారు. అక్క పంచాయతీ గుమాస్తా దగ్గరికి వెళ్ళి, “ఇది ఎవరిచ్చారో వాళ్ళ పేరు కావాలి,” అని అడిగింది.

“ఒకళ్ళు కాదమ్మా, దేశం దేశం ఇచ్చింది.”

“మరి మేం ఏం చేశామని?”

“మునిగిపోయారు కదా. చాలదా?” అన్నాడు గుమాస్తా.

ఆమెకు అది చాలలేదు. నలభై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో ఎవరో అరువిచ్చిన ఇంట్లో ఉన్నట్టే ఉంది. గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. నాన్న ఫోటో అలమారా మీద ఆనించి పెట్టింది, తలుపు గట్టిగా వేస్తే పడిపోయేది. శనివారాలు మోకాళ్ళ మీద కూర్చుని నేల తోమేది. పక్కింటి యిక్కెమీన్ కిటికీలోంచి చూసి, “ఇంక చాలు గానీ డింగెనా! ఇలా తోమితే ఆ చెక్క అరిగిపోయి కిందనుంచి నార్వే కనపడుతుంది,” అనేది. యిక్కెమీన్ నోటికి అడ్డూ అదుపూ లేదని ఊరంతా అనేవాళ్ళు. అక్క మాత్రం నవ్వేది. అక్క నవ్వడం నేను ఎక్కువగా చూసింది ఆ కిటికీ దగ్గరే.

ఇజాక్ రెండేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఒక బుట్ట ఆల్చిప్పలు తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. మూడో ఏడు లోపలికి వచ్చాడు. నేను వంటింటి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను.

“లేన్‌ను కూడా తీసుకురా డింగెనా. మా ఇంట్లో చోటుంది,” అన్నాడు.

“చోటు సంగతి కాదు ఇజాక్.”

“మరి?”

“నాకు ఆల్చిప్పల వాసన పడదు.”

అతను తన ఉన్నిచొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. వెళ్ళిపోయాడు. యిక్కెమీన్‌కు ఈ సంగతి ఎలా తెలిసిందో, “ఆల్చిప్పల వాసన పడని పిల్ల ఈ దీవిలో ఎప్పుడు పుట్టిందే?” అని ఆరునెలలు ఆడిపోసుకుంది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. ఎవరైనా ఏదైనా ఇస్తే అక్క పుచ్చుకోలేదు. పుచ్చుకోవడానికి తనకు హక్కు లేదనుకుంది. ఇజాక్ తర్వాత ఇంకొకామెను చేసుకున్నాడు, ఆమె పోయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అతను సంఘపెద్ద అయ్యాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఏటా క్రిస్మస్‌కు పాదిరి అయ్యగారు అదే చెప్పేవారు. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డను ఎవరూ సంపాదించుకోలేదు, ఎవరి మంచితనానికీ అది జీతం కాదు, అది కానుక అని. అక్క చివరి బెంచీలో, తలుపు పక్కన, తాళాలు ఒళ్ళో పెట్టుకుని వినేది. ప్రసంగం మధ్యలో నాకు పెప్పర్‌మింట్ బిళ్ళ అందించేది. ఇంటికి నడుస్తూ ఒకసారి అడిగాను.

“నువ్వు నమ్ముతావా అక్కా, ఆయన చెప్పింది?”

“ఎందుకు నమ్మను? ప్రతి మాటా నిజమే.”

“మరి?”

“నిజమైతే నాకు కూడా అని ఎక్కడుంది?” అంది. నా చెయ్యి వదిలించుకుని గబగబా ముందుకు వెళ్ళిపోయింది.

తొంభైనాలుగు సెప్టెంబరులో కడుపులో రాచపుండు అని తేలింది. కోసి చూసి, కుట్టేసి పంపేశారు. నవంబరుకల్లా ముద్ద నిలవడం మానేసింది. పలచటి గంజి, చెంచాడు పాలు. మనిషి చిక్కి సగమైంది. అయినా తాళాలు నాకివ్వలేదు. నేను చర్చి ఊడుస్తుంటే వచ్చి బెంచీ మీద కూర్చుని, ఎక్కడ దుమ్ము వదిలేశానో వేలు చూపించేది.

మా చర్చిలో క్రిస్మస్‌కు ముందు ఆదివారం బల్ల ఉంటుంది. ఆ ఏడు అది డిసెంబరు పద్దెనిమిది. ముందురోజు మధ్యాహ్నం రొట్టెలు వచ్చాయి. అక్క నిలబడలేకపోతోంది కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. కత్తి నేను పట్టుకున్నాను.

“ఒరేయ్, అది రొట్టెరా, కొయ్యదుంగ కాదు. మెల్లిగా.”

“మెల్లిగానే కోస్తున్నాను.”

“వంకరపోతోంది. పిల్లలకు గీతలు గీయడం నేర్పుతావు, నీ చేతికి మాత్రం తిన్నగా రాదు. పాతికేళ్ళ పంతులుగిరీ వృథా.”

“నువ్వు కోస్తావా మరి?”

“ఇయ్యి.”

కత్తి ఇచ్చాను. రెండు ముక్కలు కోసింది. కత్తి బల్ల మీద పెట్టేసి చేతులు ఒళ్ళో వేసుకుంది. బయట నాలుగు కాకముందే మసకేస్తోంది. నేను దీపం వెయ్యడానికి లేచాను.

“వెయ్యకు. కూర్చో. నీతో ఒకటి చెప్పాలి,” అంది.

కూర్చున్నాను.

“క్రెయిన్‌ను అల లాక్కుపోలేదు లేన్. నేనే వదిలాను. వాడు నా చేతిలో బాగానే ఉన్నాడు. నువ్వు జారావు. నేను ఆ చెయ్యి తెరిచాను. తెరుస్తున్నానని తెలిసే తెరిచాను.”

ఆమె నా మొహం చూడటం లేదు, రొట్టె వంక చూస్తోంది.

“ఊరంతా నన్ను దేవుడు కాపాడిన పిల్ల అన్నారు. అయ్యగారు కూడా, నిన్ను ఏదో పని కోసమే మిగిల్చాడమ్మా అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ నోటితో రేపు ఎలా తింటాను? అందుకే ఇన్నాళ్ళూ లేవలేదు. ఇక ముందు లేచే ఆదివారాలు కూడా లేవు నాకు. అందుకని నీకైనా చెబుతున్నాను.”

“నాకు తెలుసక్కా,” అన్నాను.

“ఏం తెలుసు?”

“నేను చూశాను. రెండు చేతులతో పట్టుకున్నావు నన్ను.”

ఆమె అప్పుడు తల తిప్పింది. “ఎప్పట్నుంచి తెలుసు?”

“అప్పట్నుంచే. ఆ రోజు నుంచే.”

“తెలిసే నా చేతివంట తిన్నావా ఇన్నేళ్ళూ?”

“తిన్నాను.”

“నన్ను అసహ్యించుకోలేదా?”

“ఎలా అసహ్యించుకుంటాను? నేను బతికిందే దానివల్ల. దానికి నేనేం చేశానక్కా? వాడికన్నా మంచివాణ్ణా? జారింది నేను, అంతే. పట్టుకున్నావు. ఎందుకు పట్టుకున్నావని అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.”

“ఎందుకో నాకూ తెలియదు,” అంది. “ఇన్నేళ్ళు ఆలోచించాను. తెలియదు.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నలభై రెండేళ్ళు దగ్గర దగ్గరగా ఒకే కప్పు కింద, ఒకే సంగతి చెరోవైపు నుంచి మోస్తూ, ఒకరికొకరు అడ్డం రాకుండా నడిచాం. ఇప్పుడు అది మధ్యలో దించాం. దించినంత మాత్రాన తేలికేమీ కాలేదు. క్రెయిన్ తిరిగి రాలేదు. కానీ చాలాసేపటికి అక్క, “మిగతాది కోసెయ్యి. చీకటి పడుతోంది,” అంది. నేను కోస్తుంటే మళ్ళీ అంది.

“రేపు నన్ను ముందుకు తీసుకెళ్ళు.”

“బల్లకా?”

“ఊఁ.”

“ఏదైనా వాక్యం...” అని నసిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను. మా ఊరి మనిషిని కదా.

“ఏమీ పడలేదురా. ఏ గుర్తూ లేదు. నువ్వు తెలిసే తిన్నానన్నావు, అదొక్కటే ఉంది. అది సరిపోతుందో లేదో తెలియదు. తీసుకెళ్ళు.”

మర్నాడు అక్కకు నల్లకోటు తొడిగాను. అందులో ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలింది. కీర్తన పాడుతుండగా, తినేవాళ్ళు ఒక్కొక్కరే లేచి బల్ల దగ్గరికి నడుస్తారు. అక్క లేచింది. చివరి బెంచీ నుంచి బల్లదాకా నడవ ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది నాకు. పాడుతున్నవాళ్ళు పాడుతూనే తలలు తిప్పారు. పాట కొంచెం తగ్గింది, మళ్ళీ పుంజుకుంది. యిక్కెమీన్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, నోట్లోంచి పాట రావడం లేదు. బల్ల చివర ఖాళీ కుర్చీలో అక్కను కూర్చోబెట్టాను. నేను కూర్చోలేదు. తిరిగి నడుచుకుంటూ వచ్చేశాను. ఇప్పటికీ ఆ నడక నన్ను వదలదు. ఆమెను అక్కడిదాకా చేర్చి, నేను మాత్రం భయపడి వెనక్కి వచ్చాను.

పళ్ళెం చేతినుంచి చేతికి వచ్చింది. ఇజాక్ ఆమెకు అందించాడు. అక్క ఒక ముక్క తీసుకుంది. కొంచెంసేపు దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ద్రాక్షరసం గిన్నె వచ్చింది, పెదవులు తడుపుకుంది. స్తంభం పక్కనుంచి నేను అంతా చూశాను. ఆమె ముఖంలో వెలుగూ రాలేదు, కన్నీళ్ళూ రాలేదు. కష్టపడి మింగుతున్న జబ్బుమనిషి ముఖమే.

ఇంటికి వచ్చాక పడుకోబెడుతుంటే, “మందంగా కోశావురా,” అంది. అంతే.

మూడు గంటలకు కక్కేసింది. గిన్నె పట్టుకున్నది నేనే. రొట్టె అలాగే ఉంది, తెల్లగా. అక్క దాన్ని చూసింది. నేను గుడ్డ కప్పబోతే చెయ్యి పట్టుకుంది.

“చూశావా. నాలో నిలవలేదు. దేవుడు ఉమ్మేశాడు నన్ను.”

“అక్కా, నీకు కడుపులో పుండు. నిన్న పాలు కూడా నిలవలేదు, మొన్న గంజి నిలవలేదు.”

“గంజి వేరు.”

“వేరు కాదు.”

“నీకేం తెలుసు? నువ్వు తిన్నావా?” అంది.

గిన్నె తీసుకెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, పెరట్లో పార తీసి గుంట తవ్వి, అందులో పోసి మట్టి కప్పాను. అలా చెయ్యాలని నాకెవరూ చెప్పలేదు. మోరీలో పొయ్యబుద్ధి కాలేదు.

ఆ వారమంతా ఆమె అదే మాట మీద ఉంది. క్రిస్మస్ ఆదివారం వచ్చింది. మంచానపడ్డవాళ్ళ కోసం చర్చి నుంచి తీగ లాగి ఇంట్లో ఒక చిన్న పెట్టె పెడతారు, ఆరాధన అందులో వినపడుతుంది. అయ్యగారి గొంతు గరగరమంటూ, కానుకను గురించి, యోగ్యత లేనివాళ్ళను గురించి చెబుతోంది. అక్క కాసేపు విని, “ఆపెయ్‌రా. నాకు కాదది,” అంది. నేను ఆపాను. బయట గంటలు మోగుతున్నాయి, వాటిని ఆపడం నావల్ల కాలేదు.

మర్నాడు రెండో క్రిస్మస్ రోజున ఇజాక్ వచ్చాడు. కొత్తగా బల్లకు వచ్చినవాళ్ళ ఇంటికి సంఘపెద్ద వెళ్ళి, దేని ఆధారంగా వచ్చావని అడగాలి. అది పద్ధతి. టోపీ చేతుల్లో తిప్పుతూ మంచం పక్కన కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, గోళ్ళలో ఇంకా ఆల్చిప్పల నలుపు.

“డింగెనా, నేను అడగాల్సింది అడగాలి.”

“అడుగు. అడగకముందే చెబుతాను. ఏ ఆధారమూ లేదు. వట్టినే వచ్చాను. తిన్నాను. కక్కేశాను. పుస్తకంలో అలాగే రాసుకో.”

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. ఇజాక్ వాక్యాలు బాగా తెలిసినవాడే, కానీ ఒక్కటీ ఎత్తలేదు.

“నా పడవలో మిమ్మల్ని ఎక్కించుకున్న రోజు, నీకు వేడి కాఫీ ఇచ్చాను. గుర్తుందా?”

“లేదు.”

“తాగావు, వెంటనే కక్కావు, నా బూట్ల మీద. ఇచ్చింది ఇచ్చిందే కదా డింగెనా. నేను వెనక్కి తీసుకున్నానా?”

“నువ్వు దేవుడివా?”

“కాను. ఆల్చిప్పలవాణ్ణి.” టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. “నా బుర్రకు అందేది అంతే. ఇవ్వడం ఆయన పని. కడుపులో నిలబెట్టుకోవడం నీ పని అని ఎవరన్నారు?”

అక్క కళ్ళు మూసుకుంది. “నువ్వు మంచివాడివి ఇజాక్. ఎప్పుడూ మంచివాడివే. కానీ నాకు భయంగా ఉంది.”

“నాకూ ఉంది. ప్రతిసారీ ఉంటుంది,” అన్నాడు.

“నీకా?” అంది కళ్ళు తెరవకుండానే.

“నాకే. ఎవరికీ చెప్పకు.”

అక్క పెదవులు కదిలాయి. నవ్విందనుకుంటాను. నమ్మకంగా చెప్పలేను.

ముప్పయ్యో తారీఖు పొద్దున పోయింది. ప్రశాంతంగా పోయిందని రాయాలని ఎంతగానో ఉంది. అది నిజం కాదు. చివరి రెండు రోజులూ నా చెయ్యి పట్టుకుని, “వదలకు, లేన్, వదలకు,” అంటూనే ఉంది. నన్నే అంటోందో, ఆనాటి ఇంటికప్పు మీద ఉన్న ఎవరినైనా అంటోందో తెలియదు. ఊపిరి ఆగేటప్పుడు కూడా కళ్ళల్లో భయమే ఉంది. ఆ కళ్ళు నేనే మూశాను.

పూడ్చి వచ్చాక చర్చి వెనకగదిలో కాఫీ, ఎండుద్రాక్ష రొట్టె పెట్టారు. మా ఊళ్ళో చావింట ఒక ప్రశ్న అడుగుతారు. ఎలా పోయింది అని కాదు, ఆశ ఉందా అని. పోయినవాళ్ళు రక్షణలో ఉన్నారనుకోవడానికి ఏమైనా ఆనవాలు దొరికిందా అని. నలుగురైదుగురు అడిగారు. నేను చెప్పగలిగింది చెప్పాను. ఆఖరికి యిక్కెమీన్ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎనభై ఒకటి ఆమెకు. ఆమె కూడా ఏనాడూ బెంచీ దాటిన మనిషి కాదు. కాఫీ కప్పు ఒళ్ళో పెట్టుకుంది.

“లేన్. కక్కేసిందటగా?”

“అవును.”

“భయపడుతూనే పోయిందటగా?”

“అవును యిక్కెమీన్.”

“మరి తిన్నందువల్ల ఏం ఒరిగింది?”

ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ పూర్తిగా నాకు లేదు. అప్పుడు తోచింది చెప్పాను.

“తినకముందు కూడా భయపడింది. నలభై ఏళ్ళు భయపడింది. తిన్నాకా భయపడింది. కానీ తిన్నది. ఆమె ఎలా ఉన్నా ఆయన ఇచ్చాడు, ఆమె చేతిలో పడింది, నేను చూశాను. అంతకుమించి నాకు తెలియదు.”

యిక్కెమీన్ కాఫీ తాగలేదు. కప్పులోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“మళ్ళీ బల్ల ఎప్పుడు, మార్చిలోనా?”

“మార్చిలోనే.”

“నడవ పొడుగు కదరా. నా కాళ్ళు సహకరించవు. ఎవరైనా పట్టుకోవాలి.”

“నేను పట్టుకుంటాను.”

“పట్టుకుని, దాన్ని వదిలేసి వచ్చినట్టు నన్ను వదిలేసి వచ్చేస్తావా?”

చుట్టూ జనం కప్పులు సర్దుకుంటున్నారు. ఎవరో నాకు సంతాపం చెప్పడానికి చెయ్యి చాపారు, నేను పట్టుకోవడం మరిచిపోయాను. భయం నన్నూ వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు.

“లేదు,” అన్నాను. “కూర్చుంటాను.”